తొమ్మిదేళ్ళ బాబును బడి మాన్పించి, ఇంట్లో వాడి ఇష్టం వెంట చదువుకోనివ్వవచ్చా?

ప్రశ్న: మిర్యాలగూడ నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా బాబు ఇక్కడి ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతి చదువుతున్నాడు. బడి మీద నాకు పెద్ద ఫిర్యాదేమీ లేదు. కొట్టరు, తిట్టరు, ఫీజు ఆలస్యమైతే పిల్లవాడిని నిలబెట్టరు. నా బాధ వేరు. ఐదేళ్ళ వయసులో కుక్కర్ విజిల్ ఎందుకు లేస్తుందో చెబితే తప్ప అన్నం ముట్టనని కూర్చున్న పిల్లవాడు, ఇప్పుడు నేను ఏ సంగతి చెప్పబోయినా "ఇది పరీక్షలో వస్తదా?" అని అడుగుతున్నాడు.

మొన్నటి వేసవిలో మా పుట్టింటి బోరు మోటారు కాలిపోతే, నాన్న దాన్ని ఇక్కడ మోటార్లకు కొత్త తీగ చుట్టే వైండింగ్ దుకాణానికి తెచ్చారు. తాత వెంట వెళ్ళిన వీడు మూడు గంటలపాటు స్టూలు మీద నుంచి లేవలేదట. ఇంటికి రాగానే నోటుబుక్కు చివరి పేజీలో పెద్ద గుండ్రం గీసి, దాని అంచున తీగ దిగే 24 గాడులు పెట్టి, మూడు ఫేజులకు మూడు రంగుల స్కెచ్ పెన్నులు తీసుకుని, ఏ తీగ ఎక్కడ దిగి ఎక్కడ తేలుతుందో గీశాడు. ఒక్కో రంగుకు ఎనిమిది గాడులు వస్తాయని నాకు వేలితో లెక్కపెట్టి చూపించాడు. అంతకు నెల ముందే భాగహారం పరీక్షలో వాడికి 25కు 9 మార్కులు వచ్చాయి.

పిల్లలను బడికి పంపకుండా, వాళ్ళకు ఇష్టమైన విషయాల ద్వారానే చదువు సాగనిచ్చే కుటుంబాలు ఉన్నాయని కొంతకాలంగా వింటున్నాను. నేను బీఎస్సీ చదివాను, ఇంట్లోనే ఉంటాను. మా ఆయన రైస్ మిల్లులో పనిచేస్తారు, సగం ఒప్పుకున్నారు. మా అత్తమ్మ మాత్రం "బడికి పోకుంటే బర్లు కాస్తడా?" అంటున్నారు. చట్టం దీన్ని ఒప్పుకుంటుందా, పదో తరగతి ఎలా రాయించాలి, వాడికి మోటార్లు తప్ప తెలుగు చదవడం, రాయడం మీద ఆసక్తి పుట్టకపోతే ఏం చేయాలి అన్నవి నా సందేహాలు. నిజంగా ఈ దారిలో నడిచినవారు చెబితే మేలు.

జవాబు: మహబూబ్‌నగర్ నుంచి, ఇద్దరు పిల్లల తండ్రి

అమ్మా, నమస్తే. మేము 2020 నుంచి ఈ దారిలోనే ఉన్నాము. మా పాపకు ఇప్పుడు పదిహేనేళ్ళు, బాబుకు పదకొండు. నాకు పట్టణంలో ఫ్లెక్సీలు ప్రింట్ చేసే చిన్న దుకాణం ఉంది. చూసింది చూసినట్టు, మా తప్పులతో సహా చెబుతాను.

ముందు ఒక అపోహ తీరిపోవాలి. ఈ పద్ధతికి 'అన్‌స్కూలింగ్' అని పేరు పెట్టిన జాన్ హోల్ట్ అమెరికాలో ఏళ్ళ తరబడి బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన మాటను "పిల్లలను వాళ్ళ మానాన వదిలేయడం" అని అర్థం చేసుకుని దిగినవారు నాలుగు నెలల్లో విసిగిపోతారు. బడికి పంపిన తల్లిదండ్రులకంటే మాకే పని ఎక్కువ. కాకపోతే అది పాఠం చెప్పే పని కాదు, పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఎక్కడ దొరుకుతుందో వెతికి అక్కడిదాకా తీసుకుపోయే పని.

మా పాప సంగతే చెబుతాను. 2017 చివర్లో మా పట్టణం దగ్గర పిల్లలమర్రి అనే పాత మర్రిచెట్టు పెద్ద కొమ్మ ఒకటి కూలిపోయి, చెట్టుకు చెదలు పట్టాయని తేలి, సందర్శకులను ఆపేసిన సంగతి మా జిల్లావారందరికీ గుర్తుండే ఉంటుంది. మరుసటి ఏడాది ఆ చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసి, వాటి ద్వారా చెదల మందు ఎక్కించారు. పేపరులో ఆ ఫొటో చూసినప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. "చెట్టుకు సూది ఎక్కడ గుచ్చుతరు? దానికి నరం ఉంటదా?" అని అడిగింది. బడి రోజుల్లో ఆ ప్రశ్నకు తీరిక దొరకలేదు. రెండేళ్ళ తర్వాత, బడి మాన్పించిన కొత్తలో, అదే ప్రశ్న మళ్ళీ పైకి వచ్చింది.

చెదలు పట్టిన పాత తలుపు చెక్క ముక్క ఒకటి, తడి మట్టితో కలిపి పారదర్శకంగా ఉండే బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుంది. తెల్లవారేసరికి డబ్బా గోడ వెంట సన్నని మట్టి గొట్టం లేచింది. దాన్ని అగ్గిపుల్లతో ఒకచోట పగలగొట్టి, చెదలు ఎంతసేపట్లో పూడుస్తాయో గడియారం పెట్టుకుని రాసుకునేది. రాత్రికి ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందో స్కేలుతో కొలిచేది. చెదపురుగు చీమకు చుట్టం కాదని, బొద్దింకకు దగ్గరి బంధువని, చెక్కను అరిగించుకోవడానికి దాని కడుపులో మరింత చిన్న జీవులు ఉంటాయని, ఒక్కోటీ అదే వెతికి పట్టుకుంది. (మా ఆవిడ మాత్రం ఆ డబ్బాను మేడ మీదికి తరిమి, ఇంటి చౌకట్లన్నిటికీ చెదల మందు కొట్టించింది.) చెదల నుంచి మర్రికాయకు వెళ్ళింది. కాయను చీల్చి చూస్తే లోపల పువ్వులు, వాటి మధ్య రెక్కల పురుగులు కనిపించాయి. మర్రి, మేడి, రావి జాతులకు పువ్వులు కాయ లోపలే ఉంటాయని, ఒక్కో జాతికి దాని సొంత కందిరీగ లాంటి చిన్న పురుగు లోపలికి దూరి పుప్పొడి చేరవేస్తుందని తెలిసిన రోజున, వేమన మేడిపండును అనవసరంగా తిట్టాడని మా అమ్మతో వాదనకు దిగింది. తెలుగు మీద ఆసక్తి ఎలా పుట్టిస్తారని మీరు అడిగారు. మా ఇంట్లో అది ఆ వాదనతోనే మొదలైంది.

నా తప్పు అప్పుడే జరిగింది. ఆ ఉత్సాహం చూసి ఆగలేక, చెదపురుగు జీవిత చక్రం బొమ్మను మా దుకాణంలోనే రంగుల్లో ప్రింట్ చేసి, కింద పది ప్రశ్నలు పెట్టి గోడకు తగిలించాను. మరునాటి నుంచి ఆ డబ్బా జోలికి వెళ్ళలేదు. రెండు నెలలు వెళ్ళలేదు. మీ బాబు గీసిన ఆ 24 గాడుల బొమ్మను చూసి, దయచేసి, "దీన్ని బట్టి ఎనిమిదో ఎక్కం చెప్పు" అని మాత్రం అనకండి.

మొదటి ఆరు నెలలు మీకు కంగారు పుడుతుంది. పొద్దున తొమ్మిదింటిదాకా పడుకుంటారు, టీవీ ముందు నుంచి కదలరు, ఏం చేయాలో చెప్పమని మన వెంటే తిరుగుతారు. నాలుగైదేళ్ళు గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్నవారికి సొంత ఇష్టం పైకి తేలడానికి ఆమాత్రం కాలం పడుతుంది. ఫోను విషయంలో నేను ఈ పద్ధతి మూలసూత్రానికి కట్టుబడలేదు. దుకాణంలోనే పెట్టి వస్తాను. అది స్వేచ్ఛకు విరుద్ధమని అనేవారు ఉన్నారు, అననీయండి.

లెక్కలు దీనిలో బలహీనమైన చోటు. మా బాబుకు దుకాణం వల్ల కొంత వచ్చింది. మూడడుగులకు రెండడుగుల ఫ్లెక్సీ వేయించుకున్న ఒకాయన "రెండింతలు పెద్దది కావాలి" అంటే, వీడు ధర రెండింతలు చెప్పి ఒప్పుకున్నాడు. ఆరుకు నాలుగు అంటే 24 చదరపు అడుగులు, మొదటిది ఆరే. నష్టం నేను భరించాను గానీ, పొడవు, వెడల్పు రెండూ రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుందన్న సంగతి వాడు ఇక మరిచిపోడు. కానీ పాపకు పన్నెండేళ్ళు వచ్చేనాటికి మూడో వంతుకు నాలుగో వంతు కలపడం రాదు. చెదలకూ మర్రికాయలకూ భిన్నాల కూడికతో అవసరం పడలేదు మరి. పద్నాలుగేళ్ళప్పుడు పదో తరగతి రాయాలని తనే నిర్ణయించుకుని, బడికి వెళ్ళకుండా పరీక్ష రాయనిచ్చే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ అయిన ఎన్ఐఓఎస్‌లో చేరి, ఎనిమిది నెలలు పొద్దున రెండు గంటలు లెక్కలతో కుస్తీ పట్టింది. ఏప్రిల్‌లో నాలుగు సబ్జెక్టులు గట్టెక్కాయి, లెక్కలు పోయాయి. అక్టోబరులో మళ్ళీ రాసి తేలింది. ఇష్టం వెంట పోతే అన్నీ వాటంతట అవే వస్తాయని ఎవరైనా మీకు చెబితే, వాళ్ళ పిల్లలు ఇంకా చిన్నవాళ్ళని అర్థం చేసుకోండి.

జవాబు: దేవరకొండ నుంచి, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు

అమ్మా, పాలమూరు తమ్ముడు రాసింది శ్రద్ధగా చదివాను. నిజాయితీగా రాశాడు. అయినా నా మనసు ఒప్పుకోని సంగతులు కొన్ని ఉన్నాయి.

మన దక్షిణ తెలంగాణలో "బడి మాన్పించడం" అనే మాటకు ఒక చరిత్ర ఉంది. నా ఉద్యోగ జీవితంలో సగభాగం జూన్ నెల వచ్చిందంటే ఇల్లిల్లూ తిరిగి, మేకల వెంట, ఇటుక బట్టీల దగ్గర ఉన్న పిల్లలను బడికి తెచ్చే పనిలోనే గడిచింది. గద్వాల వైపు సీడు పత్తిలో క్రాసింగ్ పనికి, అంటే విత్తనం కోసం పువ్వుకు పువ్వు పుప్పొడి అద్దే పనికి, మొక్క ఎత్తు వాళ్ళకు సరిగ్గా అందుతుందని, ఆడపిల్లలనే తీసుకుపోయేవారు. రంగారెడ్డి, నల్గొండ జిల్లాల్లో పనిచేసిన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ వారు బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుల కిందే లెక్కించాలని పట్టుబట్టారు. ఆ ఉద్యమానికి ముందు నిలిచిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న మాట అప్పట్లో మాకే అతిగా అనిపించేది. పదేళ్ళు ఊళ్ళు తిరిగాక అందులోని పట్టుదల ఎందుకో అర్థమైంది. ఒక మినహాయింపు ఇస్తే దాని వెనుక వంద మంది నిలబడతారు. మీ ఇంటి గుమ్మం లోపల అది స్వేచ్ఛ కావచ్చు, పక్క వీధిలో అదే మాట చెప్పి ఆడపిల్లను చేనుకు పంపుతారు.

చట్టం సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు వర్తిస్తుంది. పదో సెక్షను ప్రకారం, బిడ్డను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి. చేర్పించకపోతే వారికి శిక్ష అని మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. అందుకే ఇంటి చదువు మన దేశంలో అనుమతి పొందినదీ కాదు, జైలుకు పంపేదీ కాదు. బడి బయట పిల్లల సర్వేకు వచ్చిన సీఆర్పీ (విద్యాశాఖ తరఫున ఊళ్ళు తిరిగే ఉద్యోగి) మీ బాబు పేరు రాసుకుపోతే కంగారు పడవద్దు, అబద్ధం చెప్పవద్దు. రేపు మనసు మారితే నాలుగో సెక్షను కింద వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవలసిందే. ఆ తలుపు తెరిచే ఉంటుంది.

అంతకంటే ముఖ్యమైనది వైండింగ్ దుకాణం. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. సొంత కుటుంబం వృత్తిలో, అదీ ప్రమాదం లేని పని అయితే, బడి వేళలు ముగిశాక లేదా సెలవుల్లో సాయపడవచ్చు. తమ్ముడి ఫ్లెక్సీ దుకాణం ఆ మినహాయింపు కిందికి వస్తుందేమో గానీ, మీ మోటారు దుకాణం రాదు. కూర్చుని చూడటం వేరు, "ఆ వైరు అందుకోరా" అనడం వేరు. ఒకదాని నుంచి రెండోదానికి ఎప్పుడు జారిపోయామో ఎవరికీ తెలియదు. పైగా అది కరెంటు.

ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు చింతకింది మల్లేశం గారి పేరు ఎత్తుతారు కనుక ముందే చెబుతున్నాను. ఆలేరు దగ్గరి శారాజీపేట చేనేత కుటుంబం నుంచి వచ్చిన ఆయన, ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడానికి, తల్లి చేయి పొద్దంతా వేలసార్లు ఆడించి భుజాలు పడిపోవడం చూసి, ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఆరో తరగతితో బడి మానిన మాట నిజమే. మానింది ఇష్టం వెంట పోవడానికి కాదు, ఇంట్లో గడవక. ఆ తేడాను తుడిచేసి ఆయన్ని ఉదాహరణగా చూపడం నాకు నచ్చదు.

బడిలో ఉంటూనే ఇష్టం వెంట పోలేమా అంటే, పోయాము. నల్గొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పొద్దంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడను చూపించడానికి ఒకసారి ఏడో తరగతి పిల్లలను తీసుకుపోయాను. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదని ఒకడు పట్టుకున్నాడు. ఆ తర్వాత నాలుగు సాయంత్రాలు అట్టపెట్టెలు, కొవ్వొత్తులు, టార్చి లైట్లతో తరగతి గది చీకటి చేసుకుని తన్నుకులాడారు. వెలుతురు నేరుగా కాక పక్కల నుంచి చెదిరి లోపలికి వచ్చేలా కిటికీలు కత్తిరించాకే వారికి దారి దొరికింది. వాళ్ళు ఆరుగురు కాబట్టే నాలుగు రోజులు తగువాడుకోగలిగారు. మీ బాబుకు ఇంట్లో ఆ ఐదుగురిని ఎక్కడి నుంచి తెస్తారు?

జవాబు: మహబూబ్‌నగర్ నుంచి, ఇద్దరు పిల్లల తండ్రి

సార్, ఆ చివరి ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. మా బాబు సాయంత్రం నాలుగున్నర కోసం, అంటే గల్లీలో పిల్లలు బడి నుంచి వచ్చే వేళ కోసం, మూడింటి నుంచే గడప మీద కూర్చుంటాడు. దుకాణం గురించి మీరు చెప్పింది కూడా గుర్తుపెట్టుకుంటాను.

జవాబు: నల్గొండ నుంచి ఒక తల్లి

అక్కా, మా అబ్బాయి ఆరో తరగతి నుంచి ఇంట్లోనే ఉండి ఓపెన్ టెన్త్ పూర్తి చేశాడు. నేను కాగితాల గురించే చెబుతాను, ఎందుకంటే మేము దెబ్బతిన్నది అక్కడే.

బడి మాన్పిస్తే టీసీ తప్పకుండా తీసుకోండి. దానితోపాటు ఒకటో తరగతి నుంచి చదివిన సంవత్సరాలన్నిటికీ బోనఫైడ్ కూడా. మేము కోపంలో ఏదీ తీసుకోకుండా వచ్చేశాము. ఆ తర్వాత ఆ బడి మూతపడింది. మన రాష్ట్రంలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాలకు స్థానికతను ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి చూస్తారు. ఉద్యోగాల కోసం జిల్లాలను జోన్లుగా విభజించారు. నల్గొండ యాదాద్రి జోన్‌లో ఉంది, మహబూబ్‌నగర్ జోగులాంబ జోన్‌లో. బడిలో చదవని వారికి ఆ సంవత్సరాల్లో ఎక్కడ నివసించారో చూపే నివాస ధ్రువపత్రం తహసీల్దారు కార్యాలయం నుంచి కావాలి. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఉద్యోగం సంగతేమిటని నవ్వకండి. పదేళ్ళ తర్వాత పాత అద్దె ఇంటి ఆధారాలు వెతకడం ఎంత కష్టమో మాకు తెలిసింది.

పదో తరగతికి రెండు దారులున్నాయి. ఒకటి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ, రెండోది కేంద్రం నడిపే ఎన్ఐఓఎస్. రెండింటికీ పద్నాలుగేళ్ళు నిండాలి. ఎన్ఐఓఎస్‌లో తెలుగు మాధ్యమం ఉంది, ఐదు సబ్జెక్టులు చాలు, కింది తరగతుల సర్టిఫికెట్లు లేకపోయినా పదో తరగతి చదవగల శక్తి ఉందని సొంతంగా రాసిస్తే సరిపోతుంది. ఐదేళ్ళలో తొమ్మిదిసార్లు పరీక్షకు కూర్చోవచ్చు, ఒకసారి పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయనక్కరలేదు. దానిలోనే ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ అని చిన్నపిల్లలకు మూడు స్థాయిలున్నాయి. మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు అవి సమానం. జనన ధ్రువపత్రంలోనూ ఆధార్‌లోనూ పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఇప్పుడే సరిచూసుకోండి.

ఇంకొక మాట. మీరు బడి గురించి రాశారు, మీ ఆయన గురించి, అత్తమ్మ గురించి రాశారు. బాబు ఏమన్నాడో ఎక్కడా రాయలేదు.

ప్రశ్న వేసినవారు: మిర్యాలగూడ నుంచి

మీ అందరికీ కృతజ్ఞతలు. చివరి మాట చదివాక సిగ్గుపడ్డాను. నిజంగానే వాడిని అడగలేదు.

నిన్న రాత్రి అడిగాను. బడి మానేస్తావా అంటే కాసేపు ఆలోచించి, "బడికి పోత. ట్యూషన్ పోను" అన్నాడు. బడిలో వాడికి ఇద్దరు దోస్తులు ఉన్నారట, మధ్యాహ్నం గంటకు వాళ్ళతో గోలీలాట ఉంటుందట. సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా ట్యూషన్‌లో కూర్చోవడమే వాడికి గిట్టదు. ఆ ట్యూషన్ పెట్టించింది బడి కాదు, నేనే.

ట్యూషన్ మాన్పించాము. ఈ ఏడాది ఇలాగే చూస్తాము. వచ్చే వేసవిలో వాడిని మళ్ళీ అడుగుతాను. సారు చెప్పినట్టు వైండింగ్ మేస్త్రీతో మాట్లాడి, ఆదివారాలు వాడు చూడటానికి మాత్రమే వస్తాడని, ఏ వస్తువూ చేతికి ఇవ్వవద్దని ఒప్పించాను. మొన్నటి ఆదివారం మేస్త్రీ చుడుతుంటే వీడు పక్కన కూర్చుని పైకి లెక్కపెట్టాడు. కాయిల్ పూర్తయ్యేసరికి మేస్త్రీ లెక్కకు 48 చుట్లు, వీడి లెక్కకు 47. ఇద్దరూ ఒప్పుకోకపోతే మేస్త్రీ తీగ మొత్తం విప్పి మళ్ళీ చుట్టాడట. 47 అని తేలింది.

ఇంటికి వచ్చి, రాగి తీగకు బదులు అల్యూమినియం తీగతో, అదే లావు, అన్నే చుట్లు చుడితే మోటారు అలాగే తిరుగుతుందా అని అడుగుతున్నాడు. నా బీఎస్సీ అక్కడిదాకా రాలేదు. పాలమూరు అన్నయ్య చెప్పినట్టు జవాబు ఎక్కడ దొరుకుతుందో వెతుకుతున్నాను; మిర్యాలగూడ, నల్గొండ చుట్టుపక్కల ఎవరైనా ఎలక్ట్రికల్ చదివినవారు ఉండి, తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఒక అరగంట ఇవ్వగలిగితే ఇక్కడే చెప్పండి, మేమే వస్తాము.